2 తిమోతి 1:7లో భయం అనకుండా "పిరికితనము" అన్నారెందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. 2 తిమోతి 1:7 మీద ఒక సందేహం. "దేవుడు మనకు శక్తియు ప్రేమయు, ఇంద్రియ నిగ్రహమునుగల ఆత్మనే యిచ్చెను గాని పిరికితనముగల ఆత్మ నియ్యలేదు." కొన్ని ఇంగ్లిష్ బైబిళ్లలో ఇక్కడ భయం అనే అర్థమున్న మాటే ఉంది. మన తెలుగులో పిరికితనం అని ఎందుకు పెట్టారు? పదాల మీద ఆసక్తితో మాత్రమే అడగడం లేదు. చేస్తున్న ఉద్యోగం మానేసి, ఎప్పటినుంచో చదవాలనుకున్న చదువు మొదలుపెట్టాలని ఉంది. తలుచుకుంటేనే టెన్షన్. ఇంత భయపడుతున్నానంటే అసలు నాకు విశ్వాసం లేదనేనా అని లోపల ఒకటే గుబులు.

జవాబు:
తెలుగు అనువాదకులు సరైన మాటే పట్టుకున్నారండీ. కొత్త నిబంధన మొదట రాసిన గ్రీకు భాషలో భయానికి మామూలుగా వాడే మాట ఫోబోస్. ఫోబియా అందులోంచే వచ్చింది. ఈ లేఖ రాసిన పౌలు ఇక్కడ ఆ మాట వదిలేసి దెయిలియా అన్నాడు. కొత్త నిబంధన మొత్తంలో ఈ నామవాచకం కనిపించేది ఈ ఒక్కచోటే. దానికి పిరికితనం అనేదే దగ్గరి అర్థం.

మన భాషలోనే ఈ తేడా ఎంత స్పష్టంగా ఉందో చూడండి. భయం "వేస్తుంది", "పుడుతుంది", "పట్టుకుంటుంది". అది మనల్ని అడిగి రాదు. "నాకు పిరికితనం వేసింది" అని మాత్రం ఎవరూ అనరు. మంచితనం, సోమరితనం లాగే పిరికితనం కూడా మనిషిలో స్థిరపడిపోయిన గుణం. భయం వేసినవాడు ముందుకు వెళ్లవచ్చు, ఆగిపోవచ్చు. ఆగిపోవడమే అలవాటైనవాణ్ని పిరికివాడంటాం.

భయాన్నంతటినీ తప్పుపట్టడం బైబిల్ ఉద్దేశం కాదు. సామెతలు 1:7 తెలివికి మూలంగా చెప్పింది యెహోవాయందలి భయభక్తులనే. ఇంకా, తిమోతికి ఈ మాట రాసిన పౌలే కొరింథులో తన పరిస్థితి గురించి ఏమన్నాడు? "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను మీయొద్ద నుంటిని" (1 కొరింథీ 2:3). వణుకుతూనే వెళ్లాడు, చెప్పవలసింది చెప్పాడు. ఆ వణుకును విశ్వాసం లేకపోవడంగా ఆయన ఎక్కడా లెక్కగట్టలేదు. మీ గుబులును కూడా మీరు అలా లెక్కగట్టకండి.

మరో సభ్యుడు:
బాగా చెప్పారు గానీ చిన్న అభ్యంతరం. మత్తయి 8:26లో తుఫాను మధ్య యేసు శిష్యులతో "అల్పవిశ్వాసులారా, యెందుకు భయపడుచున్నారు" అంటాడు కదా. అక్కడ గ్రీకులో ఉన్నది ఇదే మూలం నుంచి వచ్చిన విశేషణం. తెలుగులో మాత్రం భయమనే వచ్చింది. అదే విశేషణాన్ని ప్రకటన 21:8లో "పిరికివారును" అని అనువదించారు. కాబట్టి అనువాదకులు అన్నిచోట్లా ఈ గీత ఒకేలా గీయలేదు.

మొదట జవాబిచ్చినవారు:
నిజమే, ఒక్క పదం మీద సిద్ధాంతం కట్టకూడదు. కానీ పడవలో సంగతి చూస్తే, ఆయన అడిగిన ప్రశ్నలో అల్పవిశ్వాసం, భయం పక్కపక్కనే ఉన్నాయి. ఆయన తమతో పడవలోనే ఉన్నాడన్న సంగతి అలల హోరులో వాళ్లకు పట్టలేదు. వాళ్లను పడవ దిగి పొమ్మనలేదు చూడండి. లేచి గాలిని, సముద్రాన్ని గద్దించాడు.

ఒక సభ్యురాలు:
అడిగినవారు ముందటి వచనం కూడా చదవాలి. "నీకు కలిగిన దేవుని కృపావరము ప్రజ్వలింపచేయవలెనని" అంటాడు పౌలు. ఆరిపోతున్న నిప్పును మళ్లీ రాజేయడం అక్కడి గ్రీకు మాటలోనే ఉంది, ప్రజ్వలింపజేయడం దానికి తగ్గ తెలుగు. అంటే తిమోతికి వరం ముందే ఉంది. మత్తయి 25లో యేసు చెప్పిన ఉపమానంలో యజమాని దగ్గర ఒక్క తలాంతు (పెద్ద మొత్తం డబ్బు) తీసుకున్న దాసుడి చేతిలోనూ ఏమీ లేకపోలేదు, "నేను భయపడి, వెళ్లి" భూమిలో దాచిపెట్టాడు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎనిమిదో వచనంలో సువార్త కోసం శ్రమలో పాలుపంచుకొమ్మంటాడు. కాబట్టి ఏడో వచనాన్ని చింపి తీసుకుని "నేను ఏది కోరుకుంటే అది జరిగితీరుతుంది" అనే హామీగా వాడటం నాకు బాధ కలిగిస్తుంది. దేవుడు శక్తి ఇచ్చాడు, ప్రేమ ఇచ్చాడు. కష్టం ఉండదని మాత్రం అనలేదు.

ప్రశ్న అడిగినవారు:
మనసు కాస్త తేలికపడిందండీ. మరి ఇంద్రియ నిగ్రహం ఇక్కడెందుకు వచ్చింది? నా చదువు కలకీ దానికీ సంబంధమేమిటి?

మొదట జవాబిచ్చినవారు:
ఆ మాట వినగానే మనకు కోరికలను అణచుకోవడం గుర్తొస్తుంది. గలతీ 5:23లో ఆత్మఫలంలో ఉన్న "ఆశానిగ్రహము" అదే, దానికి గ్రీకులో వేరే పదం ఉంది. ఇక్కడిది సోఫ్రోనిస్మోస్. నిగ్రహంతో పాటు స్థిమితమైన బుద్ధి, తెలివితో ఆలోచించి నడుచుకోవడం కూడా అందులో ఉన్నాయి. మీ విషయంలో దీని అవసరం చాలా ఉందనుకుంటాను. ఫీజులు, ఇంటి ఖర్చులు, ఎన్నాళ్లు జీతం లేకుండా గడవాలి అన్నవి కాగితం మీద రాసుకుని చూడటం అవిశ్వాసం కాదు. ఆ బుద్ధినిచ్చింది కూడా ఆ ఆత్మే.

సభ్యురాలు:
తెలుగులో "పిరికిమందు పోయడం" అంటాం కదా, ఆ నుడికారం ఈ వచనం పక్కన పెట్టుకుంటే నాకు చాలా అర్థమవుతుంది. పిరికితనాన్ని తరచుగా ఎవరో మనకు పోస్తారు. సంఖ్యాకాండం 13లో, దేవుడు ఇశ్రాయేలీయులకు ఇస్తానన్న కనాను దేశాన్ని చూసి వచ్చిన పన్నెండుగురిలో పదిమంది చేసింది ఇదే. అక్కడి భారీకాయులైన అనాకీయుల ఎదుట "మా దృష్టికి మేము మిడతలవలె" ఉన్నామన్నారు. జనమంతా ఆ రాత్రి ఏడ్చారు. కాలేబు మాత్రం ఆ మందు మింగలేదు, వెంటనే వెళ్దామన్నాడు. అప్పుడు ఆయనకు నలభై ఏళ్లు. జనం వెళ్లనివ్వలేదు.

యెహోషువ 14 తీయండి. ఎనభై ఐదేళ్ల వయసులో అదే కాలేబు వచ్చి ఆ కొండ ప్రదేశం తనకివ్వమని అడుగుతాడు. అనాకీయులు ఇంకా అక్కడే ఉన్నారని, వాళ్ల పట్టణాలకు ప్రాకారాలున్నాయని తానే చెప్పి మరీ అడుగుతాడు. యెహోవా నాకు తోడై ఉంటే వాళ్లను వెళ్లగొడతాను అన్నాడు. అడిగింది దొరికింది, హెబ్రోను ఆయన స్వాస్థ్యమైంది.

ప్రశ్న అడిగినవారు:
ఈ రాత్రికి యెహోషువ 14 చదువుతాను. కాగితం మీద లెక్క కూడా రేపే మొదలుపెడతాను. అప్లికేషన్ పంపే ముందు ఇక్కడ చెప్తాను, ప్రార్థన చేయండి.