దోస్తోయెవ్‌స్కీని ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. మా తాతగారి బీరువాలో విశాలాంధ్రలో కొన్న సోవియట్ అనువాదాలు చదువుతూ పెరిగాను. టాల్‌స్టాయ్, చెహోవ్ కథలు అలాగే పరిచయమయ్యాయి. దోస్తోయెవ్‌స్కీ మాత్రం ఇంకా చేతికి చిక్కలేదు.

పోయిన వేసవిలో నేరుగా ‘కరమజోవ్ సోదరులు’ ఇంగ్లీషులో పట్టుకున్నాను. వంద పేజీలు దాటేసరికి ఆగిపోయాను. ఒకే మనిషిని ఒకచోట ద్మీత్రి అంటారు, మరోచోట మీత్యా, ఇంకోచోట ద్మీత్రి ఫ్యోదరొవిచ్! ఎవరు ఎవరో తేలేలోపు మఠంలో వాదనలు మొదలయ్యాయి. అయినా ఆ తండ్రీకొడుకుల కోపం నన్ను వదలడం లేదు, మళ్లీ చదవాలనే ఉంది.

1849లో మరణశిక్ష అంచుదాకా వెళ్లి, సైబీరియాలో నాలుగేళ్లు కఠినశిక్ష అనుభవించిన మనిషి దోస్తోయెవ్‌స్కీ. ఆ అనుభవానికి ముందు రాసిన చిన్న పుస్తకం ‘శ్వేత రాత్రులు’ (1848)తో మొదలుపెట్టనా? లేక 1866 నాటి ‘నేరము-శిక్ష’తోనా? నాకు రెండోదాని మీదే మనసు లాగుతోంది. ఆయనదే ‘అజ్ఞాతవాసి’ (ఇంగ్లీషులో Notes from Underground) తరహా స్వగతం ముందే చదివితే బెంబేలెత్తుతానేమో.

ఇప్పుడు దొరికే మంచి తెలుగు అనువాదం ఉంటే దయచేసి చెప్పండి. లేకపోతే సాఫీగా సాగే ఇంగ్లీషు అనువాదమైనా పర్వాలేదు. మీరు ఏ వరుసలో చదివారు?