అమ్మ ఇంకా జనంలోకి రాలేకపోతోంది. శ్రావణంలో పెళ్లి ఉంది, ఏం చేయాలి?

ప్రశ్న (కావలి నుంచి)

మా అమ్మకు అరవై దాటాయి. మధుమేహం ఉంది కానీ మందులతో అదుపులోనే ఉంటోంది. రాష్ట్రంలో తొలి కరోనా కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే నిర్ధారణ కావడంతో, లాక్‌డౌన్ ప్రకటించక ముందే మా ఇంట్లో తలుపులు మూసుకోవడం మొదలైంది. 2021 మే నెలలో, రెండో ఉద్ధృతి తీవ్రంగా ఉన్నప్పుడు నాన్నగారు పోయారు. అంత్యక్రియలకు ఎక్కువ మంది రాకూడదన్న నిబంధన ఉన్న రోజులవి. వచ్చిన నలుగురూ కూడా దూరంగా నిలబడి, ఇంట్లోకి అడుగు పెట్టకుండానే వెళ్లిపోయారు.

ఇంటి పనులన్నీ అమ్మ మునుపటిలాగే చేసుకుంటుంది, ఇరుగుపొరుగుతో గోడ మీదుగా మాట్లాడుతుంది. కానీ బజారుకు, గుడికి, ముఖ్యంగా శుభకార్యాలకు రమ్మంటే ఏదో ఒక సాకు చెబుతుంది. ఈమధ్య దగ్గరి బంధువుల గృహప్రవేశానికి పట్టుచీర కట్టుకుని గడప దాకా వచ్చి, గుండె దడగా ఉందంటూ కూర్చుండిపోయింది. వచ్చే శ్రావణంలో నెల్లూరులో మా మేనమామ కూతురి పెళ్లి. పెళ్లికూతురికి ఉన్న ఒక్కగానొక్క మేనత్త మా అమ్మే. బలవంతంగానైనా తీసుకెళ్లాలా, వదిలేయాలా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

పెన్నాతీరం (నెల్లూరు)

బలవంతం వద్దు, పూర్తిగా వదిలేయడమూ వద్దు. మహమ్మారి తొలి ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, కుంగుబాటు సుమారు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది కాబట్టి, మీ అమ్మగారి ఇబ్బంది వింతైనదేమీ కాదు. భయం వేసిన ప్రతిసారీ వెనక్కి తిరిగితే ఆ పూటకు ప్రాణం కుదుటపడుతుంది గానీ, వెనక్కి తిరగడం వల్లనే గండం తప్పిందని మనసుకు నమ్మకం కుదిరి, మరుసటిసారి భయం ఇంకాస్త ముందుగానే మొదలవుతుంది. అందుకే మానసిక వైద్యులు తేలికైన చోటుతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా ఎక్కించమంటారు.

మీది కావలి కనుక, మామూలు రోజున ఉదయాన్నే తుమ్మలపెంట సముద్రతీరానికి తీసుకెళ్లండి. మనుషులు కనిపిస్తారు గానీ మీద పడరు. ఆ తర్వాత దుకాణాలు తెరిచే వేళకు బజారు, అటుపైన రద్దీ లేని రోజు చూసి జొన్నవాడ కామాక్షమ్మ దర్శనం. ఏ చోటికి వెళ్లినా దడ మొదలైన నిమిషంలోనే బయటకు తీసుకురాకుండా, పక్కన కూర్చోబెట్టి, తీసుకున్న దానికంటే నిదానంగా ఊపిరి వదలమని చెప్పి, కాస్త తగ్గాక బయలుదేరండి. ఒక మెట్టు దగ్గర రెండు మూడుసార్లు నిలబడగలిగితేనే పై మెట్టు.

పెళ్లిలో అసలు కష్టం ముహూర్తం దగ్గర ఉండదు, భోజనాల దగ్గర ఉంటుంది. మనం చారులోకి వచ్చేసరికే వెనుక ఒకరు కుర్చీ పట్టుకుని నిలబడతారు, వారి వెనుక చంటిబిడ్డనెత్తుకుని ఇంకొకరు, మన విస్తరి వైపే చూస్తూ. ఏ భయమూ లేని నాకే అక్కడ ముద్ద దిగదు. మొదటి బంతిలోనే కూర్చోబెట్టండి, లేదా వారికి విడిదిగదికే వడ్డించి పంపమనండి. మాస్కు పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి, ఎవరో నవ్వుతారని తీయించవద్దు.

ఒంగోలు నుంచి ఒక సోదరి

పైవారు చెప్పినదంతా సరైనదే. అయితే మీ ప్రశ్నను మళ్లీ ఒకసారి చదవండి. గోడ మీదుగా మాట్లాడే మనిషికి మనుషులంటే భయం ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. పట్టుచీర కట్టుకున్నాకే, శుభకార్యానికి బయలుదేరాకే దడ వచ్చింది. నా భర్త కూడా ఆ రెండో ఉద్ధృతిలోనే పోయారు కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను.

నేను మొదటిసారి ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, గంధం, కుంకుమ ఉన్న పళ్లెంతో వరుసగా అందరికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చిన అమ్మాయి, నా ఎదుటకు రాగానే వేలు కుంకుమలో ముంచి, నా ముఖం చూసి, ఆ వేలు అలాగే పట్టుకుని పక్కావిడ దగ్గరికి జరిగిపోయింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు. ఆ వెంటనే ఒక పెద్దావిడ వచ్చి, ఆఖరి చూపు దక్కిందా అని అడిగారు. మామూలు రోజుల్లో మనిషి పోతే కర్మలు ముగిసేలోగా బంధువులందరూ వచ్చి పలకరించి వెళ్తారు. ఆ పరామర్శలేవీ 2021లో మాకు జరగలేదు. అవన్నీ ఇప్పుడు పెళ్లి పందిట్లో, సన్నాయి మోగుతుండగా ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. గుండె దడ రాదా మరి?

జనం గురించి కాకుండా, పెళ్లిలో ఏ ఘట్టం తలుచుకుంటే కష్టంగా ఉందో అమ్మగారిని నెమ్మదిగా అడగండి. పలకరించాల్సిన దగ్గరివాళ్లను పెళ్లికి ముందే, ఇద్దరిద్దరుగా మీ ఇంటికి పిలవండి. ఏడవాల్సిన ఏడుపు మండపానికి వెళ్లకముందే అయిపోతే మంచిది.

పాత కాంపౌండర్ (కందుకూరు)

ఒక విషయం ఇద్దరూ వదిలేశారు. మధుమేహం ఉన్న, అరవై దాటిన మనిషి గుండె దడ అన్నప్పుడు దాన్ని ముందుగానే మనసు ఖాతాలో రాసేయకూడదు. ఈసీజీ, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించి, వైద్యుడు ఏమీ లేదన్నాకే మెట్ల సంగతి. నిద్ర, తిండి కూడా తగ్గి ఉంటే మానసిక వైద్యుణ్ణి కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి 14416 నంబరులో ఫోను చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

ఇక జనమంటే జంకడం అన్ని వేళలా జబ్బు కాదు. బారాషహీద్ దర్గా దగ్గర రెండేళ్ల విరామం తర్వాత 2022లో రొట్టెల పండుగ మళ్లీ మునుపటిలా జరిగితే, స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకోవడానికి జనం తండోపతండాలుగా వచ్చారని అందరం సంతోషించాం. అదే ఏడాది డిసెంబరు 28న మా ఊళ్లో ఒక రాజకీయ సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. ఇరుకు చోట నిలబడనంటే ఆమె మాట వినండి. మండపంలో ద్వారానికి దగ్గరగా కుర్చీ వేయించండి.

ప్రశ్న అడిగినవారు

పరీక్షలు ఈ వారంలోనే చేయిస్తాను. ఒంగోలు అక్కగారిని ఒక మాట అడగాలి. బొట్టు విషయం మామయ్యతో నేనే చెప్పాలా, అమ్మ చేతనే చెప్పించాలా?

ఒంగోలు నుంచి ఒక సోదరి

అమ్మగారి చేత చెప్పించకండి, నోరు తెరిచి అడిగి తీసుకున్న గౌరవం ఆమెకు రుచించదు. మామయ్యతోనూ కాదు, ఆయన సరేనంటారు, పెళ్లి హడావుడిలో మర్చిపోతారు. మీ అత్తయ్యతో చెప్పండి. పళ్లెం ఎవరి చేతికివ్వాలో, ఆ పిల్లకు ఏం చెప్పి పంపాలో తేల్చేది ఆవిడే. అయితే ముందు అమ్మగారికి బొట్టు పెట్టించుకోవడం ఇష్టమో కాదో తెలుసుకోండి. ఇష్టం లేకపోతే గంధం, పువ్వు ఇచ్చి, మేనత్తగా అక్షింతలు అందరికంటే ముందు ఆమె చేత వేయించమనండి. పసుపు కొట్టే రోజుకు ముందే ఈ మాట తేల్చుకోండి, ఆ తర్వాత మీ అత్తయ్యకు ఊపిరి సలపదు.