అప్‌డేట్: ఫిలడెల్ఫియాలో పాతకాలపు ఇటాలియన్ భోజనం దొరికింది

అమ్మానాన్నలను తీసుకెళ్లడానికి జేబుకు భారం కాని పాతకాలపు ఇటాలియన్-అమెరికన్ హోటల్ ఏదైనా చెప్పమని పోయిన నెల అడిగాను కదా. సౌత్ నైన్త్ స్ట్రీట్ మార్కెట్ వైపు వెళ్లమన్నవాళ్లందరికీ చాలా థ్యాంక్స్. 1900లో మొదలైన రాల్ఫ్స్ కూడా ఆ వీధిలోనే ఉంది, మేం మాత్రం విల్లా డి రోమాకు వెళ్లాం.

అమ్మ మాంసం ముట్టదని నాకు ఒకటే టెన్షన్. వంకాయ పార్మజాన్ తెప్పించాను. వేయించిన వంకాయ ముక్కల మీద టమాటా సాస్, చీజ్ వేసి బేక్ చేస్తారు. అంచుల్లో కాస్త మాడి కరకరలాడే చీజ్‌ను అమ్మ ముందుగా గీకి తినేసింది! నాన్న మీట్‌బాల్స్ వదల్లేదు. టమాటా సాస్‌ను అక్కడివాళ్లు 'గ్రేవీ' అంటారని చెబితే, "మన మాటే" అని మురిసిపోయారు. రెండు ప్లేట్లు ముగ్గురికీ సరిపోయాయి. మిగిలిన గ్రేవీ ఇంటికి తెచ్చుకుని మర్నాడు అన్నంలో కలుపుకున్నాం.