అప్‌డేట్: నడుస్తూ నడుస్తూ ఆగిపోయిన ఇంజిన్ సంగతి తేలింది

పోయినసారి చెప్పాను కదా, పెట్రోల్ కారు, అరగంట నడిచాక ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతోంది, సెల్ఫ్ తిరుగుతుంది గానీ స్టార్ట్ అవదు, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది అని. నేను ఫ్యూయల్ పంపు మీదే అనుమానపడి కూర్చున్నాను. అది కాదు.

మళ్లీ ఆగినప్పుడు మీలో ఒకరు చెప్పినట్టు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది) చూశాను. సున్నా దగ్గరే, కదల్లేదు. పెట్రోల్ ప్రెషర్ బాగానే ఉంది, స్పార్క్ మాత్రం లేదు. స్కానర్ పెడితే పీ0335 కోడ్, అంటే క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్ తిరగడాన్ని కనిపెట్టేది) సర్క్యూట్‌లో లోపం. ఇంజిన్ తిరుగుతోందన్న సిగ్నల్ అందకపోతే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) స్పార్కూ ఇవ్వదు, ఇంజెక్టర్లూ తెరవదు.

కోడ్ వచ్చింది కదా అని వెంటనే మార్చేయలేదు, వైరు తెగినా అదే కోడ్ రావచ్చు. నాది రెండు వైర్ల కాయిల్ సెన్సార్ కాబట్టి మీటర్‌తో చూశాను: చల్లగా ఉంటే రెసిస్టెన్స్ మామూలే, వేడెక్కితే పూర్తిగా ఓపెన్, అంటే సర్క్యూట్ తెగినట్టే. లోపలి కాయిల్ వేడికి తెగి, చల్లారాక అతుక్కుంటోందన్నమాట. (కాయిల్ బదులు చిప్‌తో పనిచేసే మూడు వైర్ల హాల్ సెన్సార్‌కి ఈ పరీక్ష పనికిరాదు.)

కొత్త సెన్సార్ వేసి మూడు వారాలైంది. ఒక్కసారీ ఆగలేదు. పంపు ముందే కొననందుకు బతికిపోయాను!