పాత పెట్టెలో దొరికిన నటి ఫొటో ఎప్పటిది?

ప్రశ్న: వైజాగ్ వన్‌టౌన్‌లో మా పాతింట్లో పెట్టె సర్దుతుంటే గట్టి అట్టకి అంటించిన ఇంగ్లీషు నాటక నటి ఫొటో దొరికింది. గోధుమరంగు, అరచేతికంటే కాస్త పెద్దది, కింద బంగారు అక్షరాల్లో స్టూడియో పేరు. ఏ కాలానిదో ఎలా తెలుస్తుందండీ?

జవాబు 1: ముందు కొలవండి. అట్ట 4.25 × 6.5 అంగుళాలుంటే కేబినెట్ కార్డు, అంటే ఆ సైజు అట్టకి అంటించిన పాతకాలపు స్టూడియో ఫొటో; అవి 1866 నుంచి వచ్చాయి. ఆ రంగు చూస్తే కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితంలాగుంది. అప్పట్లో స్టేజీ మీద వెలుతురు చాలదు కాబట్టి నటులు వేషంతోనే స్టూడియోకొచ్చి, రంగులేసిన తెర ముందు కొన్ని సెకన్లు కదలకుండా నిలబడేవాళ్లు. చూపు ఎంత నిశ్చలంగా ఉంటుందో గమనించండి, నాకు అదే ప్రాణం.

జవాబు 2: పోస్టుకార్డయితే తిప్పి చూడండి. వెనక మధ్యలో గీత ఉంటే, బ్రిటన్‌లో 1902 తర్వాతిదే.

జవాబు 3: లామినేషన్ మాత్రం చేయించకండి, ప్లీజ్! మన వైజాగ్ తేమకి పాడవకుండా యాసిడ్ లేని కాగితంలో చుట్టి, గోడకి దూరంగా బీరువాలో పెట్టండి.