2021 ఇంటర్ పిల్లలు కుంగిపోయింది కరోనా వల్లా, ఫోను వల్లా?

లెక్కల మాస్టారు: పిల్లల మనసులను కరోనా పాడుచేసిందని ఇప్పటికీ అంటున్నారు. 2021 డిసెంబరులో తెలంగాణ ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాల్లో 49 శాతమే గట్టెక్కారు. ఆ 49 శాతం ఇళ్లలో కరోనా లేదా? ఏడాదిన్నర చేతికి ఫోను ఇచ్చి గదిలో వదిలేశాం. అసలు కారణం అదే.

ఆ బ్యాచి అమ్మాయి: మాస్టారూ, తప్పిన సగంలో నేనూ ఉన్నాను. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. తమ్ముడికీ నాకూ ఒకే వేళకు పాఠాలు. సగం విని వాడికి ఇచ్చేదాన్ని. యాదగిరి ఛానెల్‌లో పాఠం నడుస్తుండగా కరెంటు పోతే ఆ రోజుకు అంతే. పరీక్ష లేకుండా రెండో సంవత్సరానికి పంపారు, మళ్లీ అక్టోబరులో మొదటి సంవత్సరం పరీక్ష రాయమన్నారు. పదో తరగతిలో పదికి పది వచ్చిన నేను భౌతికశాస్త్రం తప్పాను.

లెక్కల మాస్టారు: ఆ పదికి పది 2020లో పరీక్షలు రద్దుచేసి, బడిలో వేసిన మార్కులను బట్టి ఇచ్చినది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

నిజామాబాద్ నాన్న: మా అబ్బాయి ఇప్పటికీ ఇంటికి ఎవరైనా వస్తే గదిలోకి వెళ్లిపోతాడు. ఫోనో కరోనానో నాకు తెలియదు.

నర్సమ్మ: మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని, దెబ్బ యువత మీద ఎక్కువ పడిందని 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

లెక్కల మాస్టారు: ప్రపంచం సంగతి తర్వాత. ఆ పదికి పది నిజమైనదా, కాదా? ఆ ఒక్కటీ చెప్పమ్మా.

ఆ బ్యాచి అమ్మాయి: ఫలితాలు చూసి ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు. మీరింకా నా మార్కులు పట్టుకుని కూర్చున్నారు! డిసెంబరు 24న ప్రభుత్వం అందరినీ పాస్ చేయకపోతే నేను ఏమయ్యేదాన్నో.

లెక్కల మాస్టారు: మరి మా సంగతి? లాక్‌డౌన్‌లో మా కళాశాల జీతం ఆపేసింది. రైతుబజారు బయట మామిడికాయలు అమ్మాను. నా దగ్గర చదివిన కుర్రాడు కొనడానికి వచ్చి, నన్ను చూసి బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. నేను కుంగిపోలేదా? ఒక్కరైనా అడిగారా? నోరు మూసుకుని భరించాను. మీరెందుకు భరించలేరు?

ఆ బ్యాచి అమ్మాయి: మా నాన్నా మీలాగే భరించారు. దర్జీ పని ఆయనది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, నాలుగు నెలలు దాని పక్కనే కూర్చున్నారు. అన్నం పెడితే “మీరు తినండి” అనేవారు, అంతే. నాకు పరీక్ష కంటే ఆ మౌనమంటేనే భయం. ఫలితాలు వచ్చింది 16న. తప్పానని ఇంట్లో ఎనిమిది రోజులు చెప్పలేదు. అందరూ పాస్ అన్నాకే చెప్పాను.

నిజామాబాద్ నాన్న: మావాడి గురించి ఎవరిని అడగాలి?

నర్సమ్మ: 14416కు ఫోను చేయండి. మనసు బాధలు చెప్పుకునే ప్రభుత్వ ఫోను సేవ, టెలి మానస్ అంటారు. ఉచితం. రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.

లెక్కల మాస్టారు: పదికి పది సంగతి నేను ఒప్పుకోను. మీ నాన్నగారు మళ్లీ మిషను తీశారామ్మా?

ఆ బ్యాచి అమ్మాయి: తీశారు మాస్టారూ. పెళ్లిళ్లు మొదలయ్యాక.

నిజామాబాద్ నాన్న: ఆ నంబరుకు మావాడికి తెలియకుండా ఫోను చేయవచ్చా?

నర్సమ్మ: చేయవచ్చు. మీ గురించి చెప్పుకోవడానికీ చేయవచ్చు.