ట్రయల్స్ బండి వెనక బ్రేక్: ఎడమ ప్యాడ్ ముందు తగులుతోంది, గ్యాప్ సమానం చేయాల్సిందేనా?

పటమట_కుర్రాడు
అన్నలూ, నాది 26 అంగుళాల ట్రయల్స్ సైకిల్ (కాలు కింద పెట్టకుండా గోడలూ మెట్లూ ఎక్కే రకం), సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వెనక మగురా హెచ్‌ఎస్33 రిమ్ బ్రేక్, అంటే నూనె ఒత్తిడితో ప్యాడ్లు రిమ్‌ని రెండు పక్కలా పట్టే రకం. పట్టు కోసం రిమ్ గ్రైండ్ చేసి గరుకు చేసి ఉంది. కొత్త ప్యాడ్లు వేసిన దగ్గర్నుంచీ లివర్ నొక్కితే ఎడమ ప్యాడ్ ముందు తగులుతోంది, కుడిది కాస్త ఆగి వస్తోంది. వదిలాక ఎడమది పూర్తిగా వెనక్కి పోవట్లేదు, రిమ్‌కి సన్నగా రాసుకుంటోంది. క్లాంపులు విప్పి మళ్లీ గట్టిగా బిగించినా అంతే. రెండూ సమానంగా ఎలా పెట్టాలి? ఈ ఆదివారం బెజవాడలో మన ఘాట్ దగ్గర ప్రాక్టీస్‌కి రావాలి.

లేత్_బాబాయ్
అబ్బాయ్, ముందు లివర్ మీద ఎర్ర నాబ్ ఉంటే దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పు. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు చాలామంది అది మర్చిపోతారు. నాబ్ లోపలికి తిప్పి ఉంటే ప్యాడ్లని తోసే పిస్టన్లు అప్పటికే సిలిండర్లలోంచి బయటికి వచ్చి ఉంటాయి, ఇక నువ్వు ఏం సర్దినా తప్పుగానే కూర్చుంటుంది. తర్వాత రెండు పక్కలా క్లాంప్ బోల్టులు సిలిండర్ చేత్తో కదిలేంత వదులు చెయ్యి. ఆటోనగర్‌లో ట్యాపెట్ సెట్టింగ్‌కి వాడే ఫీలర్ గేజ్, అదే సందు కొలిచే పల్చటి బ్లేడ్ల కట్ట, ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. 0.80 మిల్లీమీటర్ల బ్లేడ్ ప్యాడ్‌కీ రిమ్‌కీ మధ్య పెట్టి సిలిండర్ లోపలికి నొక్కు. పై బోల్టు కాస్త, కింది బోల్టు కాస్త, మార్చి మార్చి బిగించు. ఒక బోల్టే ఒకేసారి బిగిస్తే సిలిండర్ తిరిగిపోతుంది. రెండో పక్కా అంతే. రెండు పక్కలా అదే బ్లేడ్ ఒకేలా బిగుతుగా దూరాలి. ఘాట్ దగ్గర అందరి బండ్లూ చూసి పంపేది నేనే, అప్పటిదాకా గోడ ఎక్కొద్దు.

కృష్ణలంక_26
వెనక కూడా డిస్క్ వేసుకో తమ్ముడూ, ఈ గొడవే ఉండదు.

బ్రాడీపేట_వీల్
బాబాయ్ గారూ, నాబ్ గురించీ బోల్టుల గురించీ మీరు చెప్పింది సరే. కానీ గ్యాప్ రెండు పక్కలా సమానంగా ఉంటేనే బ్రేక్ పట్టుకుంటుందన్నట్టు రాశారు. దానితో నేను ఒప్పుకోను. ఈ బ్రేక్‌లో రెండు సిలిండర్లనీ ఒకే నూనె గొట్టం కలుపుతుంది. పిస్టన్లు రెండూ ఒకే సైజు. ఎడమ ప్యాడ్ ముందు తగిలిందంటే ఆ పక్క పిస్టన్ చుట్టూ ఉండే సీలు కాస్త తేలిగ్గా కదులుతోందని. అది రిమ్‌కి ఆనాక నూనె కుడి పక్కకి పోతుంది, కుడిది కూడా వచ్చి ఆనుతుంది. రెండూ ఆనిన క్షణం నుంచి రెండు పక్కలా ఒత్తిడి ఒకటే. ఎడమ గ్యాప్ 0.80, కుడి 1.20 అయినా పట్టు తగ్గదు.

పట్టు తగ్గేది ప్యాడ్ ముఖం రిమ్ మీద చదునుగా ఆననప్పుడు. పై అంచు ఒక్కటే తగిలినా, ముందు మూల ఒక్కటే తగిలినా అంతే సంగతులు. తమ్ముడూ, లివర్ కొద్దిగా నొక్కి ట్యూబ్ ముక్కతో కట్టెయ్. ప్యాడ్లు రిమ్‌కి ఆనినప్పుడు వెనక నుంచి, పై నుంచి వెలుతురు పెట్టి చూడు. సందు ఎక్కడ కనిపిస్తే అక్కడ సరిచెయ్యి. ఇంకో మాట. మామూలు సైకిల్ బ్రేక్‌కి కీచుమనకుండా ప్యాడ్ ముందు అంచు కాస్త లోపలికి వంచుతారు. ఇక్కడ అది పనికిరాదు. వెనక చక్రం మీద నిలబడ్డప్పుడు మన బరువు ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి పోతుంది, బ్రేక్ రెండు వైపులా పట్టాలి. మా ఊళ్లో ఒక షాపులో ఇస్తే అలవాటుకొద్దీ ప్యాడ్ వంచేసి ఇచ్చారు. ముందుకి రాయిలా పట్టింది, వెనక్కి జారింది.

తెనాలి_స్పోక్
వీల్ ట్రూ చేయించావా, అంటే ఊగకుండా స్పోకులు సర్దించావా? చక్రమే ఊగుతుంటే ఏ గ్యాప్ కొలుస్తావ్?

లేత్_బాబాయ్
ముఖం చదునుగా ఉండాలని నేను కాదనలేదు. గ్యాప్ గురించి అడుగుతున్నాను. కుడి గ్యాప్ ఎక్కువైతే కుడి పిస్టన్ సిలిండర్‌లోంచి ఎక్కువ బయటికి రావాలి. ఎంత ఎక్కువ బయటికి వస్తే అంత ఊగుతుంది. అప్పుడు చక్రం ప్యాడ్‌ని లాగితే అది పక్కకి వాలుతుంది, మీరు అంత కష్టపడి పెట్టిన చదును ముఖం పోతుంది. దీనికి జవాబు చెప్పండి.

బ్రాడీపేట_వీల్
పిస్టన్ మూడు నాలుగు మిల్లీమీటర్లు బయటికి వచ్చినప్పుడు మీ మాట నిజం. 0.40 తేడాకి కాదు. గ్రైండ్ చేసిన రిమ్ మీద ప్యాడ్ ఎంత త్వరగా అరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. పొద్దున 0.80 పెట్టి గట్టిగా ప్రాక్టీస్ చేస్తే సాయంత్రానికి ఆ కొలత ఉండదు. పైగా ఈ బ్రేక్‌కి నూనె ట్యాంకు లేదు, మూసిన వ్యవస్థ. మన మే నెల ఎండలో బండిని ఘాట్ మెట్ల మీద పడేస్తే నూనె వ్యాకోచించి పిస్టన్లని రిమ్ వైపు తోస్తుంది, గ్యాప్ తగ్గిపోతుంది. ఆరింటికి మీరు గేజ్‌తో పాస్ చేసిన బండి పదింటికి రాసుకుంటుంది. అంత మారిపోయే కొలతని పట్టుకుని మనిషిని ఆపడం ఏమిటి?

లేత్_బాబాయ్
ఎండకి రెండు పక్కలా తగ్గుతుంది. పొద్దున సమానంగా ఉంటే పదింటికీ సమానంగానే ఉంటుంది. అసమానంగా ఉన్నదే ముందు ఒక పక్క రాసుకుంటుంది.

బ్రాడీపేట_వీల్
మీరే చెప్పారు కదా, రాసుకుంటుందని. రాసుకోవడం చిరాకు. జారడం ప్రమాదం. రెంటినీ ఒక గాటన కట్టకండి.

సరే, అసలు అడిగిన కుర్రాడి సంగతి. తమ్ముడూ, "మళ్లీ గట్టిగా బిగించినా అంతే" అన్నావ్, నాకు అక్కడే అనుమానం. క్లాంప్ మరీ బిగిస్తే సిలిండర్‌ని నొక్కేస్తుంది, లోపల పిస్టన్ పట్టేసి వెనక్కి పోదు. ఎడమ బోల్టులు పావు తిప్పు వదులు చేసి చూడు. సిలిండర్ మాత్రం కదలకూడదు. రెండోది, నీ చక్రం ఫ్రేమ్ మధ్యలో ఉందా? చైన్ టెన్షన్ సర్దడానికి ఇరుసు రెండు చివరలా స్నెయిల్ క్యాములు, అంటే తిప్పి సర్దే గాట్ల బిళ్లలు ఉంటాయి. రెండూ ఒకే గాటులో ఉన్నాయేమో చూడు. ఒకటి ఒక గాటు ఎక్కువ తిరిగితే చక్రం వంకరగా కూర్చుంటుంది. అప్పుడు ప్యాడ్లని సర్దుకుంటూ పోవడమంటే వంకర చక్రానికి తగ్గట్టు బ్రేక్‌నీ వంకర చేసుకోవడమే.

కృష్ణలంక_26
క్యాముల మాట నిజం. చైన్ బిగించిన ప్రతిసారీ ప్యాడ్లు మళ్లీ చూసుకోవాలి. చక్రం వెనక్కి జరిగితే ప్యాడ్ రిమ్ మీద కూర్చునే చోటు కూడా మారుతుంది. టైర్‌కి తగిలితే టైర్ కోసుకుపోతుంది.

లేత్_బాబాయ్
ఇవన్నీ అతనికి చెప్పండి, మంచిదే. అన్నీ చేశాక గ్యాప్ దానంతట అదే సమానంగా వస్తుంది. రాలేదంటే ఏదో ఒకటి మిగిలిందని అర్థం. అందుకే నేను గ్యాప్ చూస్తాను. చక్రం వంకర, క్లాంప్ బిగుతు, సీలు పాడవడం, ఏది తప్పినా గ్యాప్‌లో కనిపిస్తుంది. ఒక్క బ్లేడ్‌తో అన్నీ తెలుస్తాయి.

బ్రాడీపేట_వీల్
అన్నీ తెలియవు బాబాయ్ గారూ. రిమ్ గ్రైండ్ అరిగి నున్నబడితే గ్యాప్‌లో కనిపిస్తుందా? రిమ్ మీద నూనె చుక్క పడితే? ప్యాడ్ మెటీరియల్ గట్టిపడిపోతే? బ్రేక్ బిగించే వెనక ఫ్రేమ్ గొట్టాలు, అదే సీట్ స్టేలు, వాటిని కలిపి పట్టే బూస్టర్ ప్లేట్ లేక విచ్చుకుంటుంటే? లివర్ వదిలి ఉన్నప్పుడు మీరు గ్యాప్ కొలుస్తారు. సీట్ స్టేలు విచ్చుకునేది లివర్ నొక్కినప్పుడు. ఇవన్నీ ఉన్న బండి మీ గేజ్ దగ్గర పాసవుతుంది. గోడ మీద జారుతుంది.

ఇక దాచుకోను. పోయిన చలికాలం నేను గుంటూరు నుంచి మీ ఘాట్‌కి వచ్చాను. 30 పైచిలుకు కిలోమీటర్లు, సీటు లేని బండి, తొక్కుకుంటూ రాలేను కదా. మా మావయ్య మిర్చి బస్తాల ట్రాలీ ఆటోలో వేసుకుని చీకటితో బయల్దేరాను. మీరు బ్లేడ్ పెట్టి "కుడి పక్క ఎక్కువ ఉంది, ఇవాళ గోడ లేదు" అన్నారు. బ్రేక్ ఒక్కసారి నొక్కి చూడలేదు. బండి వెనక్కి తోసి చూడలేదు. అందరూ చూస్తుండగా పక్కన కూర్చోబెట్టారు. ఆ బ్రేక్ అదే గ్యాప్‌తో ఇప్పటికీ పట్టుకుంటూనే ఉంది.

తెనాలి_స్పోక్
అదా సంగతి.

లేత్_బాబాయ్
ఇన్నాళ్లూ ఇది మనసులో పెట్టుకుని గ్యాప్ గురించి వాదిస్తున్నారన్నమాట. నేనూ చెప్తాను. మీరు రావడం మొదలుపెట్టకముందు ఇదే ఘాట్‌లో, 2016 కృష్ణా పుష్కరాలప్పుడు బాగుచేసిన మెట్ల పక్క గోడ మీద, ఒక పిల్లాడు వెనక చక్రం మీద నిలబడి ఉండగా బ్రేక్ జారి వెనక్కి పడ్డాడు. మణికట్టు విరిగింది. ఆ పొద్దున వాడి ఎడమ ప్యాడ్ రిమ్‌కి ఆనుతోంది, కుడిది ఎక్కడో ఉంది. "పట్టుకుంటోంది బాబాయ్" అన్నాడు. వాడి మాట నమ్మి వదిలాం. వాళ్ల అమ్మకి ఫోన్ చేసింది నేనే. ఆ తర్వాత నోటి మాట మీద ఎవర్నీ వదల్లేదు, వదలను. నాకు కంటికి కనిపించే కొలత కావాలి.

బ్రాడీపేట_వీల్
ఆ అబ్బాయి సంగతి నాకు తెలీదు. బాధగా ఉంది. ఇది మాత్రం చెప్పండి బాబాయ్ గారూ, ఆ రోజు మీరు గ్యాప్ సరిచేసి పంపి ఉంటే ఆ బ్రేక్ జారేది కాదని ఖాయంగా అనగలరా? రిమ్ ఎలా ఉంది? ప్యాడ్ ముఖం ఎలా ఉంది? అవి ఎవరైనా చూశారా?

లేత్_బాబాయ్
పిల్లాడు కింద పడి ఏడుస్తుంటే రిమ్ చూస్తారా ఎవరైనా?

మొగల్రాజపురం_అమ్మ
మా అబ్బాయి మీ గుంపులోనే తొక్కుతాడు, అందుకే చదువుతున్నాను. నాకు మిల్లీమీటర్లు తెలియవు. బాబాయ్ గారు చూసి పంపుతున్నారంటే నాకు ధైర్యం. అలాగని ఆయన చూసేది గ్యాప్ ఒక్కటే అని ఇవాళే తెలిసింది. బ్రేక్ నొక్కి, బండిని ముందుకీ వెనక్కీ తోసి కూడా చూడండి. దయచేసి రెండూ చూడండి.

బ్రాడీపేట_వీల్
అమ్మా, నేను అడుగుతున్నదీ అదే. బాబాయ్ గారూ, చెకింగ్ వద్దని నేనెప్పుడూ అనలేదు. చక్రం ఒక మెట్టుకి ఆనించి, ఒక్క వేలితో లివర్ నొక్కి, పెడల్ మీద పూర్తి బరువు వెయ్యాలి. తర్వాత ముందు చక్రం లేపి వెనక్కి లాగాలి. రెండు వైపులా జారకపోతే ఆ బండి గోడకి పనికొస్తుంది. ఇది ఆ తొక్కేవాడే చెయ్యాలి, అందరి ముందూ చెయ్యాలి. తన బ్రేక్ పట్టుకుంటుందో లేదో తనకే తెలియాలి. మీరు బ్లేడ్ పెట్టి "సరే" అంటే కుర్రాళ్లు ఇక బ్రేక్ వైపు చూడట్లేదు. పటమట తమ్ముడిలాంటివాళ్లు తమ బండి విప్పడానికే భయపడుతున్నారు. నా కోపం అందుకు. ట్రాలీ ఆటో కిరాయి కోసం కాదు.

లేత్_బాబాయ్
పదిహేనేళ్ల పిల్లాడికి గోడ కనిపిస్తే బ్రేక్ కనిపించదు. పక్కవాడు ఎక్కాడంటే వాడూ ఎక్కాలి. "పట్టుకుంటోంది" అని వాడి నోటితో చెప్పిస్తారు, పడితే ఎవరిది బాధ్యత? తోసి చూడడం మంచిదే, ఈ ఆదివారం నుంచి అది కూడా పెడదాం. ఆపే మాట మాత్రం పెద్దవాడు ఒకడు చెప్పాలి. అది నేను ఇంకొకరికి వదలను.

బ్రాడీపేట_వీల్
ఇక్కడే మనకి కుదరట్లేదు. ఆపండి, కాదనను. కానీ జారిన బ్రేక్‌ని చూసి ఆపండి. గేజ్‌ని చూసి కాదు.

పటమట_కుర్రాడు
అన్నా, బాబాయ్, ఇప్పుడే కూర్చుని చూశాను. నాబ్ సగం లోపలికి ఉంది, వెనక్కి తిప్పాను. క్యాములు కూడా ఒకటి ఒక గాటు ఎక్కువ ఉంది, సరిచేశాను. ఎడమ క్లాంప్ కొంచెం వదులు చేస్తే ప్యాడ్ వెంటనే వెనక్కి పోయింది, రాసుకోవడం ఆగింది. ట్యూబ్ కట్టి వెలుతురులో చూస్తే కుడి ప్యాడ్ కింది అంచు దగ్గర సందు ఉంది, అదీ సర్దాను. ఇప్పటికీ ఎడమది వెంట్రుకవాసి ముందు తగులుతోంది. వెనక్కి లాగినా ముందుకి తోసినా జారట్లేదు.

లేత్_బాబాయ్
శభాష్. గేజ్‌తో కొలిచావా?

పటమట_కుర్రాడు
నా దగ్గర లేదు బాబాయ్.

లేత్_బాబాయ్
ఆదివారం నేను తెస్తాను. కొలిచాకే గోడ.

బ్రాడీపేట_వీల్
ఆదివారం నేనూ వస్తున్నాను, నా బండితో, అదే గ్యాప్‌తో. ముందు ఇద్దరం మెట్టు దగ్గర తోసి చూపిస్తాం. జారితే మీరు చెప్పకముందే పక్కన కూర్చుంటాం. జారకపోతే ఏ లెక్కన ఆపుతారో అందరి ముందూ చెప్పండి.

లేత్_బాబాయ్
రండి. ఎండ ఎక్కకముందే, ఆరింటికల్లా ఉండండి. ముందు మీరు తోయండి, తర్వాత నేను బ్లేడ్ పెడతాను. నా మాట అక్కడే చెప్తాను.